ఐలేశం సద్దిడబ్బాలో చాక్లెట్లు

షుగర్ మిషన్ మీద అంకె చూసి సుస్మితకు నమ్మబుద్ధి కాలేదు. మామ వేలిని మళ్లీ పిండి ఇంకో చుక్క రక్తం తీసింది. రెండోసారీ అంతే వచ్చింది. పోయిన వారం కంటే ఎక్కువ. పోయిన వారం కూడా అంతకు ముందుకంటే ఎక్కువే.

"ఎంతున్నది బిడ్డా?" అన్నాడు ఐలేశం.

"జరంత పెరిగింది మామయ్యా" అంటూ మిషన్‌ని కొంగు చాటుకు తీసుకుంది.

జరంత కాదని ఆమెకు తెలుసు. సోమవారం నల్గొండ దవాఖానకు పోవాలి. ఐలేశం కుడికాలి బొటనవేలికి ఎప్పుడో తుమ్మముల్లు దిగింది, దిగిన చోట పుండైంది, ఎండాకాలం పోయి వానలు పడ్డా మానలేదు. పోయినసారి డాక్టరమ్మ కట్టు కడుతూ, షుగర్ దిగకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని, ఆలస్యం చేస్తే పాదం దాకా పోతుందని ఖరాఖండిగా చెప్పింది. ఇంటి పట్టున ఉండమని కూడా మొత్తుకుంది. ఎవరు వింటారు. కనీసం ఊరి పక్క బీడు దాకానైనా మందను తోలుకుపోకపోతే ఐలేశానికి తెల్లారినట్టే ఉండదు. వేలు తీసేస్తే గొర్లను అమ్ముకోవాలి. గొర్లు లేకుండా ఆ మనిషి ఎట్లా బతుకుతాడన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే సుస్మిత మొగుడు పరశురాములు చెప్పులేసుకుని బయటికి పోతాడు.

ఐలేశం కోడలిని "బిడ్డా" అని పిలిచాడు కదా, అది చిన్న సంగతి కాదు. మోత్కూరు దగ్గరి ఆ ఊళ్లో, ఆ ఇంట్లో, మామ కోడలితో ఎదురుగా మాట్లాడే పద్ధతి లేదు. ఏదన్నా చెప్పాలంటే దర్వాజ వైపు చూసి, "సుక్కీ, ఆమెకు చెప్పు" అంటాడు. ఆయన పెళ్లాం సుక్కమ్మ ఇంట్లో ఉన్నా సరే, లేకపోయినా సరే, మాట మాత్రం దర్వాజకే. సుస్మిత భువనగిరిలో పుట్టి పెరిగిన పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో గొర్ల దొడ్డి వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. అది చూసి ఐలేశం ముఖం తిప్పుకున్నాడు, మళ్లీ ఇటు తిప్పలేదు. ఆమె వండితే తినేవాడు, ఎట్లుందో చెప్పేవాడు కాదు. నాలుగేళ్లపాటు సుస్మిత దర్వాజతో పోటీ పడి ఓడిపోతూనే వచ్చింది.

మరి ఆ దర్వాజను గెలిచింది ఎట్లాగంటే, చాక్లెట్లతో.

ఐలేశానికి తీపి అంటే ప్రాణం. షుగర్ వచ్చిందని తెలిసినంక కూడా సైదులు హోటల్లో చక్కెర దండిగా వేయించుకుని చాయ్ తాగి, మూతి తుడుచుకుని ఏమీ ఎరగనట్టు వచ్చేవాడు. తిట్టినా లాభం లేదు, బతిమాలినా లాభం లేదు. చక్కెర లేని తీపి ఏదన్నా ఉంటే బాగుండునని సుస్మిత ఫోన్‌లో వెతికింది. వీడియోలో ఎవరో ఆవిడ నవ్వుకుంటూ, ఖర్జూరాలకు చాక్లెట్ పూసి చూపించింది. చక్కెర లేదు, ఆరోగ్యానికి మంచిది, ఇంట్లో అందరూ తినొచ్చు అంది. అందరూ అంటే మామయ్య కూడా అనుకుంది సుస్మిత. ఇంకేం ఆలోచించలేదు.

మోత్కూరు అంగట్లో ఖర్జూరాలు, అంజీరలు తెచ్చింది. నల్లటి చేదు చాక్లెట్ గడ్డను పరశురాములు హైదరాబాద్ నుంచి తెచ్చాడు. మసిలే నీళ్ల మీద గిన్నె పెట్టి దాన్ని కరిగించింది. కొంచెం చిక్కబడిందనిపించి, బెల్లం పాకంలో చిలకరించినట్టు రెండు చుక్కల నీళ్లు చిలకరించింది. అంతే, గిన్నెలో ఉన్నదంతా బిగుసుకుపోయి ఇసుక ముద్దలా తయారైంది. సుక్కమ్మ తొంగిచూసి, "గోడకు పూస్తవా ఏందే?" అని నవ్వింది. రెండోసారి గిన్నె, గరిటె పొడిగుడ్డతో తుడిచి, నీటి తడి తగలకుండా చేసింది. ఖర్జూరం గింజ తీసి, ఆ ఖాళీలో వేయించిన బాదం పలుకు పెట్టి, పుల్లకు గుచ్చి చాక్లెట్‌లో ముంచి, పైన నాలుగు నువ్వులు చల్లింది. ఫ్రిజ్‌లో పెడితే గంటలో నిగనిగలాడుతూ గట్టిపడ్డాయి.

ఐలేశం ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. సుస్మిత వంటింటి గడపలోంచి చూస్తూ నిలబడింది. ఆయన దర్వాజ వైపు తిరిగాడు. తిరిగి, ఏమనుకున్నాడో, మళ్లీ ఇటు చూశాడు.

"ఇంకోటున్నదా బిడ్డా?"

అప్పటి నుంచి రోజూ రాత్రి సుస్మిత స్టీలు డబ్బా నిండా చాక్లెట్లు పెట్టడం, పొద్దున సుక్కమ్మ దాన్ని సద్దిమూటతో పాటు మొగుడి సంచిలో పెట్టడం అలవాటైంది. మంద దగ్గర కూర్చుని తింటానని ఐలేశం చెప్పుకునేవాడు. ఆ చేదు మీద తీపి ఎంత బాగుంటదో సైదులుకు కూడా చెప్పాడట. హోటల్లో చాయ్ కూడా మానేశాడు. ఇదంతా విని సుస్మిత ఎంత మురిసిపోయిందో చెప్పలేం.

మరి అంకె ఎందుకు పెరుగుతోంది?

ఆ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వలేదు. గోళీలు తనే చేతిలో పెట్టి మింగిస్తోంది. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెడుతోంది. సైదులును అడిగితే, "మీ మామ మా హోటలు మొఖం సూడక శానా రోజులాయె" అన్నాడు. అంటే ఎవరో ఇంట్లోనే పెడుతున్నారు. ఎవరు పెడతారు. సుస్మిత మనసు అందరినీ చుట్టి వచ్చి అత్త మీద ఆగింది. మర్నాడు పొద్దున్నే లేచి చాటు నుంచి చూసింది కూడా. సుక్కమ్మ ఇటు వీపు పెట్టి, స్టీలు డబ్బా మూత తీసి ఏదో చేస్తోంది. చేసి, చెయ్యి కొంగులో తుడుచుకుంది.

ఐలేశం మందతో కదిలిపోయేదాకా ఆగి సుస్మిత బయటపడింది.

"అత్తమ్మా, నాకు తెల్వకుంట మామయ్యకు బెల్లం పెడ్తున్నవా?"

"నేనేం పెడ్త బిడ్డా?"

"డబ్బల చెయ్యి పెట్టంగ సూసిన. కాలు తీసెయ్యాలంటున్నరు డాక్టర్లు. నీకు జరన్న ఫికర్ లేదా? ముద్దు చేసి పాణం మీదికి తెస్తవా?"

సుక్కమ్మ ముఖం ఒక్కసారి నల్లబడింది. చీపురు తీసుకుని దొడ్డి ఊడవడానికి వెళ్లింది. తప్పు చేసింది కాబట్టే నోరు లేవలేదని సుస్మిత తేల్చేసుకుంది. ఆ రోజంతా అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు.

తర్వాత రెండు రోజులు అంకె దిగింది. ఎక్కువ కాదు గానీ దిగింది. "చూసినవా, నేను గట్టిగ అడిగినంకనే దిగింది" అని మొగుడి దగ్గర చెప్పుకుంది సుస్మిత. తన తెలివికి తనే మెచ్చుకుంది. అయినా లోపల ఎక్కడో ఒక నలుసు గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే ఆ రెండు రోజులుగా ఐలేశం ఆమెను బిడ్డా అనలేదు.

ఆదివారం సాయంత్రం మందను దొడ్డికి తోలి వచ్చి, ఆయన అరుగు మీద కూర్చుని కాలు చాపుకున్నాడు. సుస్మిత మిషన్ పట్టుకుని దగ్గరికి వచ్చింది. ఆయన వేలు చాపాడు గానీ చూపు దర్వాజ మీద పెట్టాడు.

"సుక్కీ, ఆమెకు చెప్పు. చాక్లెట్లు పెట్ట బుద్ధి కాకుంటే నోటితోని చెప్పొచ్చు. డబ్బల పుట్నాలు పోసి నన్ను చిన్న పిలగాన్ని చేసి ఆడిచ్చుడెందుకు?"

సుస్మిత మిషన్ పక్కన పెట్టింది. పుట్నాలా? నిన్న రాత్రి తన చేతులతోనే డబ్బా నిండా చాక్లెట్లు పేర్చి మూత పెట్టింది కదా. మరి అవి ఎక్కడికి పోయినట్టు?

సుక్కమ్మ గొర్రెపిల్లలకు నీళ్లు పెట్టడానికి దొడ్డిలో ఉంది. సుస్మిత గబగబా వెనకింట్లోకి పోయింది. అక్కడ అత్త విత్తనాలు దాచుకునే కుండలు వరుసగా ఉంటాయి. మొదటి దాంట్లో కందులు. రెండో దాంట్లో బొబ్బర్లు. మూడో దాని మూత తీసేసరికి గుప్పున చాక్లెట్ వాసన వచ్చింది. పాత చీర పేలికలో మూటగట్టి ఉన్నాయి ఆమె చేసిన చాక్లెట్లు. ఒకదానికొకటి అంటుకుపోయి, పైన తెల్లగా పొర కట్టి, చీమలు పట్టి ఉన్నాయి. ఒకరోజువి కావు. ఎన్నో రోజులవి.

పెట్టడం కాదు. సుక్కమ్మ ఇన్నాళ్లుగా తీస్తోంది.

వెనక బకెట్ చప్పుడైంది. సుక్కమ్మ గడపలో నిలబడి ఉంది.

"రోజుకు కొన్ని తీసేటిదాన్ని" అంది మెల్లగా. "నువ్వు అడిగినంక అన్నీ తీసి పుట్నాలు పోసిన."

"ఎందుకు తీసినవ్ అత్తమ్మా?"

"నాకేం సమజ్ కాలే బిడ్డా. ఒకటి తిని సూస్తే ఖర్జూరం తియ్యగ తగిలింది. గింత తీపున్నదాంట్ల చక్కెర లేదంటాంది పిల్ల, ఉండొచ్చు, లేకపోవచ్చు అనుకున్న. గవి తినవట్టినంకనే అంకె పెరగవట్టె. పాణం ఆగలే."

సుస్మిత అక్కడే నేల మీద కూర్చుంది. చక్కెర వెయ్యలేదు, చక్కెర వెయ్యలేదు అని ఇన్నాళ్లు తనకు తను చెప్పుకుంటూ, మామ వేలిని తనే కొద్దికొద్దిగా కోస్తూ వచ్చింది. పైగా అత్తను దొంగను చేసింది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తాలనిపించలేదు.

"మరి నాకెందుకు చెప్పలే? గంత మాటన్నా ఎందుకు పడ్డవ్?"

సుక్కమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కుండ మూత ఒళ్లో పెట్టుకుంది.

"నాలుగేండ్లకు ఆయన నీ దిక్కు జూసి బిడ్డా అన్నడు. గా దినం నువ్వు పొయ్యి కాడ కూసోని ఏడ్సినవ్. నేను సూసిన. గిప్పుడు గా చాక్లెట్లే పాణం తీస్తున్నయంటే, నీకేం మిగుల్తది? నన్ను అంటే అన్నవ్ తియ్. నేను పడ్తనే ఉంట గద."

సుస్మిత అత్త ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. సుక్కమ్మ ఆమె తలలో వేళ్లు పెట్టి నిమురుతూ కూర్చుంది.

సోమవారం బస్సులో ముగ్గురూ వెళ్లారు. దారి పొడుగునా సుస్మితకు ఒకటే ఆలోచన. వేలు తీసేస్తామంటే? తీసింది తనే అవుతుంది. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు, అత్త నోరు విప్పదు. చెబితే మాత్రం మామ ఇక ఈ జన్మలో ఇటు తిరగడు. దవాఖానలో పేరు పిలిచేదాకా ఆ రెండింటి మధ్యే నలిగిపోయింది.

డాక్టరమ్మ కాగితం చూసి, "ఇంతగా పెరిగింది, ఏం తిన్నారు పెద్దాయనా?" అంది.

ఐలేశం నేల చూపులు చూశాడు. సుక్కమ్మ గొంతు సవరించుకుంది. అత్త ఏం చెప్పబోతుందో సుస్మితకు అర్థమై ముందే అందుకుంది.

"నేనే పెట్టిన మేడమ్. ఖర్జూరాలకు చాక్లెట్ పూసి రోజూ డబ్బ నిండ పెట్టిన. చక్కెర లేదని మంచిదనుకున్న. మా అత్తమ్మ కొన్ని తీసెయ్యకపోతే ఇంకా పెరుగుతుండె."

డాక్టరమ్మ తిట్టలేదు. ఎండిన పండులో తీపి ఇంకా చిక్కబడుతుందని, ఎప్పుడో ఒకటి తినడం వేరు, రోజూ డబ్బా నిండా తినడం వేరని చెప్పింది. తర్వాత కట్టు విప్పింది. పుండు చుట్టూ నొక్కి చూసింది, లైటు వేసి చూసింది, మళ్లీ నొక్కింది.

"లోపలికి పాకలేదు" అంది చివరికి. "ఇప్పుడైతే తియ్యను. నెల రోజులు నడక బంద్. షుగర్ దిగితే వేలు ఉంటుంది, దిగకపోతే నేనేమీ చెయ్యలేను."

తిరిగి వచ్చేటప్పుడు ఐలేశం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక అరుగు మీద కూర్చుని, మందను తోలుకుపోతున్న కొడుకు పరశురాములును కనుమరుగయ్యేదాకా చూశాడు. సుస్మిత మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టి, పోకుండా నిలబడింది. ఆయన దర్వాజ వైపు తిరిగాడు. అయిపోయిందనుకుంది ఆమె.

"సుక్కీ" అన్నాడు ఆయన. లోపల్నుంచి సుక్కమ్మ పలకలేదు. కావాలనే పలకలేదు.

ఐలేశం కట్టు కట్టిన కాలిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా మెడ ఇటు తిప్పాడు.

"బిడ్డా, పుట్నాలకు గా చేదు నల్లటిది పూస్తే గూడ వద్దంటదా డాక్టరమ్మ?"

సుస్మిత చెంబు తీసి ఆయన చేతికిచ్చింది.

"ముందుగాల అడిగి, గప్పుడే చేస్త మామయ్యా" అంది.