లేసు కవరు కింద వేడి

నేను ఒక ప్రాసెసర్ని. కంప్యూటర్లో లెక్కలన్నీ చేసే చిన్న బిళ్లను. నా పొట్టలో కోట్లాది మీటలున్నాయి. అవి క్షణం ఊరుకోకుండా పడుతూ లేస్తూ ఉంటాయి, పడినప్పుడల్లా రవ్వంత వేడి పుడుతుంది. వేగం పెంచితే వేడి పెరుగుతుంది. ఆ వేగానికి సరిపడా కరెంటు ఒత్తిడి కూడా పెంచారా, ఇక ఆ వేడికి పట్టపగ్గాలుండవు. మనుషులకు ఈ సంగతి రుచించదు. వాళ్లకు అవ్వా కావాలి, బువ్వా కావాలి.

దుమ్ము కణం కూడా చొరబడని గదిలో పుట్టిన నేను చివరికి నరసాపురంలో దైవసహాయం గారి ఫొటో స్టూడియోలో పడ్డాను. ఆయన పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. ఆయన భార్య కరుణమ్మ లేసు అల్లేది. నా మీద దుమ్ము పడుతుందని జాలిపడి, నేనున్న కంప్యూటర్ పెట్టెకి తెల్లటి లేసు కవరు అల్లింది. లేసుకి కన్నాలుంటాయి కదా, అందుకని లోపల మందపాటి గుడ్డ వేసి మరీ కుట్టింది. గాలి వచ్చే దారి మూసుకుపోయింది. ఆ ప్రేమలో నేను ఉడుకుతూ బతికాను.

ఆవిడ పోయింది. కవరు మాత్రం ఆయన తియ్యలేదు.

ఏడాది తిరిగింది. సాయంత్రం చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థ కూడిక అనగా ఆయన ఒక పాత క్యాసెట్ బయటికి తీశాడు. ఊరందరి పెళ్లిళ్లూ తీసిన మనిషి దగ్గర భార్య గొంతు ఉన్నది అదొక్కటే. కొత్తగా కొన్న వీడియో లైటు ఎలా ఉందో చూద్దామని ఆవిడ ముందు పెట్టి తీశాడట. ఆవిడ ఏదో అంటోంది, క్యాసెట్‌కి బూజు పట్టి మాటల మీదంతా రొద. ఏమందో ఆయనకు గుర్తు లేదు. ఆ రోజు ఆయన లైటునే చూసుకున్నాడు.

రొద వడకట్టే పని నాకు అప్పగించాడు. సాయంత్రానికి తెమలదని తెలిసి, రిపేరు చేసే కాసింని పిలిపించి నా వేగం పెంచించాడు. కవరు తీసెయ్యమని కాసిం చెప్పి చూశాడు. ఆయన వినలేదు.

నేను పరుగెత్తాను. ఒళ్లు కాగిపోయింది. "ఏమండీ" అని ఆవిడ గొంతు తేటగా పలికింది. అంతే, వేడి తట్టుకోలేక ఆగిపోయాను. మళ్లీ వేశాడు. మళ్లీ "ఏమండీ" దగ్గరే చీకటి. మూడోసారీ అంతే. నాకు భయమేసింది. ఎవరో నా లోపల కూర్చుని ఆయన్ని పిలుస్తున్నట్టుంది.

"ఆ కవరన్నా తియ్యండి, లేదా స్పీడన్నా తగ్గించుకోండి. రెండూ కుదరవండి," అన్నాడు కాసిం.

ఆయన వేగమే తగ్గించమన్నాడు. తన కోసం ఆగవద్దని చర్చికి ఫోన్ చేశాడు. నేను తాపీగా, ఒక్కో అక్షరం మీద రొద దులుపుతూ నడిచాను. అవతల చర్చిలో పాటలు మొదలయ్యాయి. అప్పుడు ఆవిడ మాట పూర్తయింది.

"ఏమండీ, అది తీసెయ్యండి. ఉడికిపోతన్నాను. ఎన్నిసార్లు చెప్పినా ఇనరేంటండీ."

ఆయన తెర వైపు చూడలేదు, నా వైపు చూశాడు. లేచి రెండు చేతులతో కవరు ఎత్తాడు. దాన్ని మొహానికి అదుముకుని ఏడ్చాడు. ఇన్నేళ్లకు నాకు గాలి తగిలింది.

కంప్యూటర్ మూలపడింది, ఇప్పుడు నేను పాత సామాన్ల కొట్లో, మూతపెట్టిన రేకు డబ్బాలో ఉన్నాను. జ్ఞాపకం పెట్టుకోవడం నా పని కాదు, దానికి వేరే బిళ్లలున్నాయి. కరెంటే లేదు, నాకు వినపడకూడదు కూడా. అయినా ఎండకి రేకు కాలిన మధ్యాహ్నాలు "ఏమండీ" అంటుంది ఆవిడ. ఆ పైమాట కోసం చూస్తాను. మూత తీసేవాళ్లు రారు.