రెండో బకెట్టు

వీధి చివర లాండ్రీ పొద్దున్న ఆరింటికల్లా తెరిచేవారు. బయట మొగుడు ఇస్త్రీ చేసేవాడు, లోపల పెళ్లాం ఉతికేది. మరిది పిలిచినట్టే వీధంతా ఆవిణ్ణి వదినా అనే పిలిచేది.

వదిన ఉతికితే మురికితో పాటు బట్టకు అంటుకున్నవన్నీ వచ్చేసేవి. ఏడ్చినవాళ్ల చొక్కా నానబెడితే బూడిదరంగు తెట్టు తేలేది. పోట్లాటైతే తుప్పులా అడుక్కి దిగేది. అందుకే ప్లీడరు తన నల్లకోటు ఆవిడ దగ్గర ఉతుక్కి వేసేవాడు కాదు, వాదన పోతుందని. తాగుబోతు మేస్త్రీ మాత్రం ఉతికిన చొక్కా తొడుక్కుంటే అది మాసేదాకా సీసా ముట్టేవాడు కాదు. వాళ్లావిడ రోజు విడిచి రోజు ఆ చొక్కా తెచ్చి పడేసేది.

లాండ్రీ ముందు బల్ల మీద కుక్కపందేల వాళ్లు చేరేవారు. వాళ్లలో పెద్ద నోరు వదిన మరిదిదే. లేతు మిషను మీద పనిచేస్తాడు. అయిన పందెం అయినట్టు కళ్లకు కట్టిస్తాడని రేడియో అని పేరు పెట్టారు.

"మా మేకుది చెవిపట్టు," అంటున్నాడు ఆ రోజు. మేకు అతని కుక్క. "చెవి అందిందా, అంతే. అవతలిది ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. తన దమ్ము దాచుకుంటుంది, దానిది తోడేస్తుంది."

"మా మావగారిది కూడా చెవిపట్టేనయ్యా," అన్నాడు వెల్డరు. "గంటైనా వదలడు."

అందరూ నవ్వారు. వెల్డరు నవ్వాపి, "కానీ ఆదివారం నీకు తగిలేది దొర. అది కాలుపట్టు కుక్క. ముందుకాలు పట్టి మెలేసిందంటే కుర్చీ కోడు విరిచినట్టే. మీవాడు ఆ కాలు ఇంకా నేలకు ఆనించడం లేదు," అన్నాడు.

పోయిన పందెంలో మేకు ముందుకాలు దెబ్బతింది. ఒప్పుకున్న పందెం తప్పితే పరువు పోతుంది. ఆడితే కుక్కే పోవచ్చు. బరి మధ్యలో సుద్దతో గీత గీస్తారు. వదలగానే కుక్క ఆ గీత దాటి అవతలిదాని మీదికి పోవాలి. దాటని కుక్కను ఇంటికి తీసుకుపోరు. పందేల షెడ్డు వెనక్కి, తవ్వి ఉంచిన గోతి దగ్గరికి తీసుకుపోతారు.

ఇంకో నియమం కూడా ఉంది. అవతలిది పట్టు పట్టకుండా కుక్క వంటికి చేదుమందు పూసి తెస్తారని, పందేనికి ముందు ఒకరి కుక్కను ఇంకొకరి మనిషి కడగాలి. రేడియో తరఫున ఎప్పుడూ వెల్డరే కడిగేవాడు. ఆ వారం అతని అరచెయ్యి కాలింది.

రేడియో లోపలికెళ్లాడు. "వదినా, ఆదివారం ఒక కుక్కను చూడాలి నువ్వు."

"నన్ను కుక్కను ఉతకమంటావా మరిదీ?"

"ఉతకొద్దు, కడిగితే చాలు. దానిలో ఉన్న కసి కాస్త వదిలితే మేకు బతుకుతుంది."

మేకు పిల్లప్పటినుంచి ఆవిడ పెట్టిందే తిని పెరిగింది. వదిన చేతులు తుడుచుకుని, "గోరువెచ్చటి నీళ్లు ఉండాలి మరి," అంది.

ఆదివారం పదింటికి పాత పెంకుల ఫ్యాక్టరీ షెడ్డు నిండిపోయింది. దొర యజమాని అయిన లారీల ఆయన వదినను చూసి నవ్వాడు. "కడగండమ్మా, బాగా కడగండి. మా దొర కసి మరక కాదు, రక్తంలోనే ఉంది."

వదిన దొరను తల నుంచి తోక దాకా రుద్దింది. బకెట్లోకి వంగి చూసింది. దుమ్ము, నాలుగు వెంట్రుకలు. మళ్లీ రుద్దింది. నీళ్లు తేటగానే ఉన్నాయి.

"ఇందులో ఏం లేదు," అంది.

"చెప్పలా!" అన్నాడు లారీల ఆయన.

"సరిగా రుద్దు వదినా!" అంటూ రేడియో తనే రెండు చేతులూ బకెట్లో ముంచాడు. ముంచీ ముంచగానే నీళ్లు తుప్పురంగు తిరిగాయి. వదిన అతని మణికట్లు పట్టుకుంది. చొక్కా కాలరు రుద్దినట్టు వేలు వేలూ రుద్దింది. అతను లాక్కోలేదు. పదేళ్ల పందేలు చిక్కగా పొంగి బకెట్టు అంచు దాటాయి.

ఎవరో ఇంకో బకెట్టు నీళ్లు తెచ్చి లారీల ఆయన ముందు పెట్టారు. ఆయన తన చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

తీర్పు చెప్పే ముసలి కండక్టరు విజిలేశాడు. రెండు కుక్కల్నీ చెరో మూలకు తెచ్చారు.

"రేడియో, మొదలెట్టు! మీవాడు ఎట్లా పడతాడు ఇవాళ?" అని అరిచారు జనం.

రేడియో మేకును చూశాడు. పట్టు అనే మాట నోటిదాకా వచ్చినట్టే వచ్చి ఆగింది. మూడు కాళ్ల మీద నిలబడి, నాలుగోది గాల్లో పెట్టుకుని, అతని మోకాలికి ఆనుకుని ఉంది కుక్క.

"దీనికి కాలు నొప్పిగా ఉంది," అన్నాడు.

"వదులు," అన్నాడు కండక్టరు. రేడియో వదల్లేదు. కండక్టరు పది దాకా లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఏడు దగ్గర రేడియో వంగి కుక్కను ఎత్తుకున్నాడు.

"అయిపోయింది!" లారీల ఆయన లేచాడు. "గీత దాటలా. మాటంటే మాటే. షెడ్డు వెనక్కి పంపండి."

"దాటనిది కుక్క కాదు," అన్నాడు రేడియో. "దాన్ని వదిలితే కదా దాటేది? దాటంది నేను. పంపితే నన్ను పంపండి."

కండక్టరు విజిలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "మనిషి దాటకపోతే ఏం చెయ్యాలో మనం ఎప్పుడూ అనుకోలేదయ్యా," అన్నాడు. "ఓడిపోయావు. ఇంటికి పో."

జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఒకరిద్దరు తమ చేతులు తిప్పి చూసుకున్నారు. వెనకే వదిన ఖాళీ బకెట్టు పట్టుకుని నడిచింది.

మేకును ఎత్తుకోవడం మానేసి ఐదేళ్లయింది. ఎత్తుకుంటే ఎలా ఉండాలో దానికి తెలియలేదు. బోర్లించిన పీటలా నాలుగు కాళ్లూ బిగబట్టి ఉంచింది. తారురోడ్డు మలుపు దాకా అలాగే ఉంది. మలుపు తిరిగాక, మొదట ఆ దెబ్బతిన్న కాలు మడిచి అతని చేతి మీద వాల్చింది.