అలమర వెనక కిటికీ

ఆమె పోయిన రోజున, ఆమె నడిపిన కళ్ళద్దాల దుకాణం షట్టరు పడింది. మళ్ళీ ఎత్తేసరికి బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము.

భర్త దుకాణం బాగుచేయించడానికి పూనుకున్నాడు. ఆమె అనుకున్నదే: చెదలు తిన్న వెనక అలమర తీసేసి, అదే చోట, అదే కొలతలతో కొత్తది. అద్దాలు బిగించిన ఆ అలమర లేకపోతే దుకాణం గుహలా ఉంటుందని ఆమె నమ్మకం. "నా అలమర మాత్రం అక్కణ్ణించి కదిలించకండి" అని ఆసుపత్రి మంచం మీద కూడా అంది. ఆయన సరేనన్నాడు. వడ్రంగి పలకలు కోసి తెచ్చి పక్క గోడకి ఆనించాడు.

పాత మేడ అడుగున ఇరుకు దుకాణం అది. పట్టపగలు కూడా దీపాలే. అందుకే ఫ్రేము పెట్టుకున్నవాళ్ళను ఆమె చెయ్యిపట్టి వీధిలోకి తీసుకెళ్ళి, ఎండలో చేతి అద్దం చూపించేది. దీపం కింద అందరూ అందగాళ్ళే అనేది. అలా వెళ్ళినవాళ్ళలో కొందరు అటునుంచి అటే ఇంటికి పోయారని ఆమె చెల్లెలు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

పాత అలమర ఊడదీసిన రోజు ఆ మరదలూ వచ్చింది. అలమర వెనక గోడ లేదు. సున్నం కొట్టిన చెక్కలున్నాయి. వడ్రంగి ఒకటి పెళ్ళగిస్తే గీతంత వెలుగు పడింది. అన్నీ తీశాక కనబడింది: నేల నుంచి కప్పుదాకా కిటికీ. పైన కమాను, దాన్నిండా చిన్న చిన్న గాజు పలకలు, ఒక్కటీ పగల్లేదు. అవతల మేడల నడుమ ఎవరూ అడుగుపెట్టని ఖాళీ జాగా, దానిపైన ఆకాశం. లేచిన దుమ్ము గాలిలో వెలుగుతూ తిరిగింది. పక్క గోడల మీది ఫ్రేముల్లో, ప్రతి అద్దంలోనూ ఒక కిటికీ.

"ఇన్నేళ్ళూ దీనికి వీపు పెట్టి కూర్చుందా అక్క?" అంది మరదలు మెల్లగా.

చెక్కలు తిరిగి కొట్టేస్తే సాయంత్రానికల్లా అలమర నిలబెడతానన్నాడు వడ్రంగి.

మరదలు ఒక ఫ్రేము తీసి పెట్టుకుని, నప్పిందా అని అడిగింది. ఆయన అలవాటుగా చేతి అద్దం అందుకుని గుమ్మం వైపు నడిచాడు.

"బయటికెందుకు బావా? పగలు ఇక్కడికే వచ్చిందిగా."

ఆయన ఆగాడు. వెనక్కి వచ్చి మరదలి ముఖానికి ఎదురుగా అద్దం పట్టుకున్నాడు. ఆమె చూసుకోవడం అయిపోయినా దించలేదు.

"కిటికీ మూయకు" అన్నాడు వడ్రంగితో.

మర్నాడు దుకాణం తెరిచాడు. కోసిన పలకలు పక్క గోడకి ఆనించే ఉన్నాయి. ఆమె అలమరకి ఇంకా చోటు చూడలేదు.