కొక్కేనికి ఏప్రన్

ఆ బేకరీలో ఒక వింత పద్ధతి ఉంది. అది అత్తగారి బుర్రలో పుట్టింది. ఒకప్పుడు ఆవిడ చెయ్యి కాలి మంచాన పడితే, పిండి పదును తెలిసినవాళ్లు ఇంకెవరూ లేక బేకరీ మూతపడింది. మళ్లీ తెరిచేసరికి ఖాతాదారుల్లో సగంమంది పక్కవీధి దుకాణం పాలయ్యారు. ఆ దెబ్బకి ఆవిడ పరీక్షలు మొదలుపెట్టింది. బుద్ధి పుట్టినప్పుడల్లా, చెప్పాపెట్టకుండా, ఏదో ఒకటి లేకుండా చేసేది. ఒకరోజు కాటా దాచేసేది. ఇంకోరోజు పిండి కలిపే మిషను ప్లగ్గు పీకేసేది. అన్నిటికన్నా గడ్డు పరీక్ష, తన ఏప్రన్‌ని తలుపు పక్క కొక్కేనికి తగిలించడం. అది అక్కడుందంటే ఆ రోజు ఆవిడ లేనట్టే. ఎదురుగా కూర్చున్నా సరే, ఏమీ అడగకూడదు, చెప్పినా వినకూడదు.

ఆ తెల్లవారుజామున కోడలు షట్టరెత్తగానే ముందు కనిపించింది ఆ ఏప్రనే.

"హోటలుకి మొదటి ట్రేలు వెళ్లేది ఇవాళే కదా! నచ్చితేనే రోజూ తీసుకుంటామన్నారు. మీ అమ్మకి ఇంకో రోజే దొరకలేదా?" అంది వెనకే వచ్చిన మరిదితో.

"మా అమ్మ కాబట్టే ఇవాళ పెట్టింది వదినా."

పెరటి తలుపులోంచి ముందే వచ్చి, స్టూలు మీద శాలువా కప్పుకుని కూర్చున్న అత్తగారు వాళ్లని చూసి లేచింది. రెండు చేతులూ ఊపింది. పెద్ద ఓవెను వైపు చూపించింది.

"తొండి ఆడకండి అత్తయ్యా, మీరు లేరు" అంది కోడలు.

"గాలికి ఏదో కదిలినట్టుంది" అన్నాడు ఆ సుపుత్రుడు, తల్లి వైపు చూడకుండా.

ఆవిడ నెత్తి కొట్టుకుని కూలబడింది. పిండి కలిసి పొంగే వేళకి కోడలు పెద్ద ఓవెను స్విచ్చి వేసింది. దీపం వెలగలేదు. ఎన్నిసార్లు వేసినా అంతే.

"ఒకేసారి రెండు పరీక్షలా!" కోడలికి ఒళ్లు మండింది. ఆ మంటలోంచే ఎక్కడలేని హుషారూ పుట్టుకొచ్చింది. పరీక్ష పెట్టారంటే దానికి జవాబు ఉండే ఉంటుంది, లేకపోతే అత్తయ్య పెట్టదు. "చిన్న ఓవెను వెలిగించు! సగం పిండి ఫ్రిజ్‌లో పెట్టు, పొంగిపోకుండా. బన్నులు సగం సైజు చేద్దాం, త్వరగా కాలతాయి!"

ఇక చూడాలి ఆ హడావిడి. ఒక ట్రే లోపలికి, ఒక ట్రే బయటికి. మరిది ఈల వేస్తూ ఉండలు చుట్టాడు. ఒక్కసారి మాత్రం, ట్రే తీయాలా వద్దా తేలక, కోడలి తల అలవాటుగా స్టూలు వైపు తిరగబోయింది. బలవంతాన ఆపుకుని, ఒక బన్ను తిరగేసి అడుగున వేలితో కొట్టి విన్నది. ఇంకొంచెం కాలాలనుకుంది. కాలనిచ్చింది.

హోటల్లో పెద్ద వంటాయన ఒకటి విరిస్తే ఆవిరి లేచింది.

"ఇంత చిన్నగా చేశారేం?"

"చల్లారేలోపు తినెయ్యాలని" అంది కోడలు, తడుముకోకుండా.

ఆయన నవ్వి, రెండోది అందుకుని, రేపటినుంచి రోజూ పంపమన్నాడు.

తిరిగొచ్చి వ్యాను ఆగీ ఆగకముందే కోడలు దూకి, అత్తగారిని వాటేసుకుంది. "గెలిచాం అత్తయ్యా! ఇప్పుడు మీరు ఉన్నట్టే, మాట్లాడండి! ఓవెను కూడా ఆపేస్తారా ఎవరైనా?"

ఆవిడ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పట్టుకుని, కోడలి చెవిని దగ్గరికి లాక్కుని, గుసగుసగా అంది. "నేను ఆపలేదే. పొద్దున్న చూస్తే పనిచెయ్యడం లేదు. చెబుదామంటే గొంతు పోయింది."

"మరి ఏప్రనో?"

"ఉతికి ఆరేశాను."

కోడలు పరుగున వెళ్లి పట్టుకుంది. ఇంకా చెమ్మగానే ఉంది. పిండిబస్తా మీద కూర్చుండిపోయింది. "నిజమని తెలిస్తే ఏడుస్తూ కూర్చునేదాన్ని అత్తయ్యా!"

అత్తగారు చప్పుడు లేకుండా నవ్వుతోంది, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. "నన్ను గాలి అన్నప్పుడు వాణ్ణి తన్నాలనిపించింది. తర్వాత కూర్చుని చూశాను. ఎంత సంతోషంగా ఉందో! ఇక నేను హాయిగా జబ్బు పడొచ్చు."

"పడండి. కానీ ఓవెను బాగయ్యాక" అని, కోడలు ఆ తడి ఏప్రన్‌ని అలాగే నడుముకి కట్టుకుని, రేపటి పిండి కొలవడానికి లేచింది.