విప్పని నట్టు

ఏళ్ల తరబడి ఒకరి ట్రాక్టరు తోలినవాడికి ట్రాక్టరు చూడ్డం ఎవరూ నేర్పక్కర్లేదు. అత్తిలి చుట్టుపక్కల ఇస్సాకు చెవితోనే ఇంజను జబ్బు చెప్పేస్తాడని పేరు. అలాంటివాడు తీరా సొంతానికి కొనుక్కున్నప్పుడు గుడ్డివాడయ్యాడు. కళ్లు పోయి కాదు, బావమరిదిని నమ్మి.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు తెంపించిన ఏడాది అది. చెరువులు పోయినవాళ్లు ట్రాక్టర్లు అమ్ముకుంటున్నారు. ఉండి ఊరి దగ్గర సూర్యప్రకాశరావు గారి పాత బండి బేరానికి ఉందని ఇస్సాకు భార్య సలోమి తమ్ముడు ఆనంద్ పాల్ అక్కాబావలకు కబురు తెచ్చాడు. సార్వా వరికి మళ్లు బురదగా దున్నే దమ్ములు ముంచుకొస్తున్నాయి. సొంత బండితో వస్తానని ఇస్సాకు అప్పటికే రైతులకు మాట ఇచ్చేశాడు, ఉన్న డ్రైవరు పనీ మానేశాడు.

వెళ్లినరోజు రావు గారు ఊళ్లో లేరు. ఆనంద్ పాలే దగ్గరుండి చూపించాడు. ఇస్సాకు ముందు ఇంజను మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది, అంటే ముందే వేడిచేసి పెట్టలేదు. తాళం తిప్పగానే అందుకుంది. పొగ కాసేపు నల్లగా వచ్చి పలచబడింది. నాగలి ఎత్తి ఆపితే లిఫ్టు దిగజారలేదు. ఇక మిగిలింది వెనక గేర్లు. నీళ్లలో నానిన బండికి ఇరుసు దగ్గర సీళ్లు పోతాయి, నీళ్లు దిగి గేర్ల పళ్లు తినేస్తాయి. అడుగున నట్టు వదులు చేసి నాలుగు చుక్కలు పట్టి చూస్తే గుట్టంతా బయటపడుతుంది. ఇస్సాకు స్పానరు తీశాడు.

"అది మొన్ననే విప్పి చూశానండీ బావగారూ. ఆయిలు తేనెలా ఉంది," అన్నాడు ఆనంద్ పాల్.

అయినవాడు చూశానన్నాక మళ్లీ చూడటమంటే, మా వైపు, వాణ్ణి మొహం మీదే అబద్ధాలకోరు అనడం. అందులోనూ పెళ్లాం తమ్ముడు! ఇస్సాకు స్పానరు సంచిలో పడేశాడు. మర్యాదకు పోయి ఆ బండి కొని చేతులారా కొంప ముంచుకున్నాడు.

వారం తిరక్కుండా దమ్ములో బండి వెనక ఫెళ్లుమంది, బురదలో కదలకుండా కూలబడింది. నట్టు విప్పితే ముందు నీళ్లు, తర్వాత పాలెక్కువైన టీ లాంటి ఆయిలు, అందులో ఇనప రజను. రైతులు వేరే ట్రాక్టరును పిలుచుకున్నారు. ఇస్సాకు రావు గారి మీదికి వెళ్లాడు.

ఆయన తెల్లబోయాడు. "సీళ్లు పోయాయని, గేర్లు బాగుచేయించుకోవాలని మీ బావమరిదికి చెప్పే కదండీ అమ్మాను? మీకు చెప్పానన్నాడే! బండి అమ్మిపెడితే మిగిలిన చెరువుల మీద మేనేజరు పని ఇస్తానన్నాను, ఇచ్చాను. అడుగో, గట్టు మీదే ఉన్నాడు."

ఇస్సాకు గట్టెక్కాడు. ఆనంద్ పాల్ నింపాదిగా మేత బస్తాలు దింపిస్తున్నాడు.

"అనుమానం ఉంటే మీరే విప్పి చూసుకోవాల్సిందండీ బావగారూ," అన్నాడు.

తిట్టాలనే వచ్చాడు ఇస్సాకు.

"నువ్వు చూశానన్నావు కదరా," అన్నాడు.