నలభై మీద సీలు

ప్లాంటు బూడిద చెరువు కట్ట మీది నుంచి జగన్నాథ్ సైకిలెక్కి, పెడళ్లు తొక్కకుండా కిందికి జారుతున్నాడు. హేమశ్రీ పక్కన నిలబడి ఆయన ఎక్కడ ఆగుతాడని కాక, ఎప్పుడు పడతాడా అని చూస్తోంది. పడలేదు. చదునులోకి వచ్చి, వేగం చచ్చి, చివరికి కాలు ఆనించాడు. క్లబ్బు కార్యదర్శి మహాంతేశ్ పరుగున వెళ్లి ముందు చక్రం ఆగినచోట సున్నంతో గీత గీశాడు. గీత గీసి చప్పట్లు కొట్టాడు. జారి ఆగినందుకు చప్పట్లు కొట్టించుకునే మనిషిని హేమశ్రీ అంతకుముందు చూడలేదు.

అది టైర్ల పరీక్ష. యరమరస్‌లో బొగ్గుతో కరెంటు తీసే కొత్త ప్లాంటు నడవడం మొదలైన రెండో ఏడు, ఆ అవతలి గుట్టల్లో కొండదారి సైకిల్ పోటీ పెడుతున్నారు. క్రాస్ కంట్రీ అంటారు. మొరం, బండలు, సర్కారు తుమ్మల మధ్య కాలిబాట, మళ్లీ బండలు. ఆడపిల్లల్లో ముందు వచ్చిన ఇద్దరిని రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. హేమశ్రీకి తన వయసు విభాగంలో ఇదే ఆఖరి ఏడు. వచ్చే ఏడు నుంచి పెద్దవాళ్లతో తొక్కాలి. వాళ్లలో సగం మందికి సైకిల్ తొక్కడమే ఉద్యోగం. కాబట్టి ఆ ఇద్దరిలో ఒకతె కావాలి, లేకపోతే ఈ పని మానుకోవాలి. ఇందులో ఆమెకు అనుమానం లేదు.

సైకిల్ మాత్రం ఆమెది కాదు. రాయచూరులో పిండిగిర్ని నడిపే నారప్ప కూతురు అలాంటి సైకిల్ కొనలేదు. అది ప్లాంటు కాలనీ సైకిల్ క్లబ్బుది. క్లబ్బు అధ్యక్షుడు జగన్నాథ్, బాయిలరు సెక్షన్లో ఇంజినీరు, గుంటూరు వైపు మనిషి. క్లబ్బులో సైకిళ్లు చాలా ఉన్నాయి. వాటిని పోటీలో తొక్కగలిగినవాళ్లు లేరు. అందుకే టౌను నుంచి హేమశ్రీని పిలిచి ఒకటి ఇచ్చారు. ఇచ్చిన రోజు ఫొటో తీశారు. ఫొటోలో హ్యాండిల్ జగన్నాథ్ చేతిలో ఉంది.

నాలుగు జతల టైర్లు తెప్పించారు. ఒక్కోటి ఎక్కించి, ఒక్కోదాని మీద జగన్నాథే కూర్చుని కట్ట దిగాడు. పరీక్షకు బరువు మారకూడదని ఆయన వాదన. ఆ బరువు హేమశ్రీ బరువుకు రెండింతలకు కొంచెం తక్కువ. అన్నిటికంటే దూరం వెళ్లింది సన్న టైరు. దాని నడుమ ఆకురాయిలా సన్నటి గరుకు, గుబ్బలు అంచుల్లో మాత్రమే. అందులో నలభై పౌండ్ల గాలి కొడితే ఒక గీత, తగ్గించి కొడితే దానికంటే వెనక ఇంకో గీత. జగన్నాథ్ రెండు గీతల మధ్యా నడిచి, తల ఊపి, తేల్చేశాడు. ఆ టైరే, ముందూ వెనకా. నలభై.

టైరు మీద హేమశ్రీకి ఫిర్యాదు లేదు. ముందు చక్రానికి గుబ్బలున్నది కావాలని అడిగింది, వద్దన్నారు, ఊరుకుంది. గొడవ గాలితోనే. కట్ట మీది దారి రోలరుతో తొక్కించినది. దాని మీద గట్టి టైరు దూరం పోతుంది, నిజమే. గుట్టలో రోలరు తిరగలేదు. అక్కడ గట్టి టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది. ఎగిరినంతసేపూ తొక్కిన తొక్కుడు గాల్లో కలుస్తుంది. గాలి సగానికి తగ్గిస్తే టైరు రాయిని మింగి ముందుకు పోతుంది. ఆమె ఈ మాట ఊహించి చెప్పలేదు. యరమరస్ గుట్ట మీద అదే టైరుతో, అదే చడావు, అంటే అదే ఎక్కుడు దారి, నలభై మీద ఎక్కింది, ఇరవై మీద ఎక్కింది. ప్రతిసారీ ఇరవై గెలిచింది.

ఆ మాట క్లబ్బు గదిలో చెప్పింది. జగన్నాథ్ విన్నాడు. వినడం ఆయనకు వచ్చు. విన్నాక ఏం చేయాలో రాదు.

"దేంతో కొలిచావమ్మా?" అన్నాడు.

"ఫోన్ల టైమ్ పెట్టి చూసిన సార్."

"ఫోన్లోనా." ఆయన మహాంతేశ్ వైపు చూశాడు. మహాంతేశ్ నవ్వాడు. "చూడమ్మా, ముప్పై ఏళ్లుగా నేను బతుకుతుంది ప్రెషర్ మీద. ప్రెషర్ తగ్గితే యూనిట్ పడిపోద్ది. సైకిలైనా అంతే."

"యూనిట్ బండల మీద దుంకదు గద సార్."

"హౌదు, దుంకదు," అన్నాడు మహాంతేశ్. ఆ తర్వాత అధ్యక్షుడి మొహం చూసి, దుంకనిది యూనిట్ గొప్పతనమేనని కలిపాడు.

నలభై అన్నాక ఆ నలభైని కాపాడే పద్ధతి కూడా క్లబ్బులో ఉంది. ప్లాంటులో సేఫ్టీ వాల్వును ఒక లెక్కకు సరిచేశాక దానికి తీగ చుట్టి సీసపు సీలు వేస్తారు, ఎవరూ వేలు పెట్టకుండా. జగన్నాథ్ ఆ పద్ధతిని సైకిళ్లకు తెచ్చాడు. పోటీ రోజు పొద్దున క్లబ్బు సైకిళ్లను వరసగా నిలబెట్టి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని తన గేజీతో ఒక్కో టైరుకూ గాలి సరిచేసి, వాల్వు మూతకు తీగ చుట్టి, పటకారుతో సీలు నొక్కుతాడు. ఆ తర్వాత సీలు తెంపినవాడికి క్లబ్బు సైకిల్ ఉండదు. టర్బైన్ సెక్షన్ జంబన్న కిందటేడు దేవదుర్గం దారిలో సీలు తెంపాడు. ఇప్పుడు సాయంత్రాలు క్యారమ్స్ ఆడుతున్నాడు. బాయిలరుకు పనికొచ్చే పద్ధతి సైకిలుకెందుకని ఇన్నాళ్లలో క్లబ్బులో ఒక్కరూ అడగలేదు. అందరూ ఇంజినీర్లే.

ఇంట్లో చెబితే నారప్ప గిర్ని పట్టీ సరిచేస్తూనే జవాబిచ్చాడు. "వాళ్లకు గాలి ముచ్చట ఏం ఎరుక బిడ్డా. వాళ్లది ఆవిరి కార్‌బార్."

ఆమె నవ్వింది. కానీ సైకిల్ ఆవిరివాళ్ల చేతిలోనే ఉంది.

ఆదివారం పొద్దున గుట్ట కింద సీళ్లు పడ్డాయి. పక్కన విజయపుర నుంచి వచ్చిన కావేరి తన టైరును బొటనవేలితో నొక్కి చూసుకుంటోంది. వేలు లోపలికి దిగుతోంది. కావేరి ఈ తతంగం చూసి, ఇదేం పూజ అని కన్నడంలో అడిగింది. ప్లాంటు పూజ, అంది హేమశ్రీ. చెప్పడానికి సిగ్గుపడింది. ఆ సిగ్గు జగన్నాథ్ వల్ల పడాల్సి వచ్చిందని ఆయన మీద కోపం ఇంకొంచెం పెరిగింది.

దారి ఇలా ఉంది. మొదట మొరం చడావు. పైన తుమ్మల మధ్య కొంత చదును, అక్కడ ఎవరూ ఉండరు. చదును దాటాక కిందికి దిగే పెద్ద బండ. బండ దిగాక క్లబ్బులవాళ్లు నిలబడి నీళ్లందించే చోటు. అక్కడి నుంచి మళ్లీ చడావు. ఇలా ఐదు చుట్లు.

మొదటి చుట్టులో హేమశ్రీ రెండో స్థానంలో చడావెక్కింది. బండ మీద ముందు చక్రం ఎగిరి పక్కకు పడింది. బ్రేకు పట్టి, ఎలాగో దిగింది. రెండో చుట్టులో చడావు మీదే వెనక చక్రం జారడం మొదలుపెట్టింది. పైకి చేరేసరికి మోచేతులు మొద్దుబారాయి. కావేరి ముందు పోతోంది, టైర్లు చప్పుడు లేకుండా. వెనక ఇద్దరు తరుముకొస్తున్నారు. ఇంకా మూడు చుట్లు ఇదే గాలితో తొక్కితే నాలుగో ఐదో స్థానం వస్తుంది, సైకిల్ దక్కుతుంది. దక్కిన సైకిలుతో ఏం చేయాలి? సీలు తెంపాలని అప్పుడే, ఆ చదునులోనే, తేల్చుకుంది.

ఆపాల్సిన చోటు కూడా అదే. వెడల్పుగా ఉంది, నీడ ఉంది, బండ ఇంకా ముందుంది. గాలి తీసుకుని బండ దిగితే సరిపోయేది. ఆమె చేయి బ్రేకు మీదికి వెళ్లింది కూడా. కానీ ఇక్కడ జగన్నాథ్ లేడు. ఆయన బండ కింద, గేజీ మెడలో వేసుకుని నిలబడి ఉంటాడు. తుమ్మ చెట్ల చాటున సీలు తెంపితే దొంగతనం చేసినట్టు ఉంటుంది. దొంగతనం చేయాల్సినంత గొప్పవాడు కాదు ఆయన. ఆయన కళ్ల ముందే తెంపాలి. బ్రేకు వదిలేసింది.

నలభై గాలితో బండ మీద దిగింది. సగం దారిలో ముందు చక్రం లేచి, తిరిగి ఆనేలోపే సైకిల్ అడ్డం తిరిగింది. కాలు ఆనించి పడకుండా ఆపుకుంది, దిగి నెట్టుకుంటూ కిందికి వచ్చింది. ఆలోగా వెనక ఇద్దరూ దాటిపోయారు.

జగన్నాథ్ ఎదురుగా ఆగింది. నీళ్ల సీసా చాపాడు. తీసుకోలేదు. వంగి ముందు చక్రం తీగను పళ్లతో తెంపింది. సీసం నేల మీద పడింది. మూత తీసి వాల్వు నొక్కింది. గాలి బుస్సుమంది. వెనక చక్రానికీ అంతే. పక్క క్లబ్బులవాళ్లు తిరిగి చూశారు. మహాంతేశ్ అయ్యయ్యో అనబోయి, ముందు అధ్యక్షుడి వైపు చూశాడు.

"ఏం చేస్తున్నావో తెలుస్తుందా?" అన్నాడు జగన్నాథ్.

"మీకు తెలుస్తలేదు సార్. అందుకే మీ ముందర చేస్తున్న," అని ఎక్కి తొక్కింది.

తర్వాత మూడు చుట్లూ సైకిల్ వేరే సైకిలైంది. చడావు మీద జారలేదు. బండ మీద బ్రేకు అవసరం పడలేదు. మూడో చుట్టులో ఒకమ్మాయిని దాటింది. రెండో స్థానంలో ఉన్న పిల్ల నాలుగో చుట్టులో కంటికి కనిపించింది. ఐదో చుట్టులో బండ దిగేసరికి ఇద్దరి మధ్య నాలుగు సైకిళ్ల దూరం. ముగింపు గీతకు పోయే దారిలో అది రెండయింది, ఒకటయింది. గీత దగ్గర ఆ అమ్మాయి వెనక చక్రం పక్కన హేమశ్రీ ముందు చక్రం ఉంది. కావేరి మొదట వచ్చింది. హేమశ్రీ మూడోది.

నేల మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. బండ మీద నెట్టుకుంటూ దిగిన దూరం గుర్తు చేసుకుంది. చదునులో ఆగి ఉంటే ఆ దూరం నడవాల్సిన పని లేదు. ఇందులో కొలవాల్సిందేమీ లేదు.

జగన్నాథ్ వచ్చేసరికి చుట్టూ క్లబ్బువాళ్లు, ఇద్దరు విలేకరులు చేరారు. క్లబ్బు ఎంచిన టైరుకు మొదటి చుట్టులో రెండో స్థానం ఉందని, నిర్ణయించిన గాలి తీసేయడం వల్ల చేతిదాకా వచ్చిన జట్టులో చోటు పోయిందని ఆయన వాళ్లకు చెప్పాడు. ఒక విలేకరి రాసుకున్నాడు. రెండో అతను నలభై అంటే ఎంత అని అడిగాడు. జగన్నాథ్ వివరించడం మొదలుపెట్టాడు. ఆపడానికి చాలాసేపు పట్టింది.

"ఇప్పటికైనా ఒప్పుకోమ్మా," అన్నాడు చివర్న, హేమశ్రీ వైపు తిరిగి. "తప్పు నీదేగా?"

"నాదే సార్," అంది. "గాలి తీసినందుకు కాదు. పైన్నే తీసేది ఉండె. మీరు చూడాలె అని బండ దిగి మీ దాక వచ్చిన. గంత విలువ మీకెందుకిచ్చిన్నో, గది నా తప్పు."

విలేకరి కలం ఆపి జగన్నాథ్ వైపు చూశాడు. జగన్నాథ్ మహాంతేశ్ వైపు చూశాడు.

"తప్పు నాదే అంటుంది సార్," అన్నాడు మహాంతేశ్.

"అది రాసుకోండి," అని జగన్నాథ్ విలేకరికి చెప్పాడు.

విలేకరి రాసుకున్నాడు. హేమశ్రీ హెల్మెట్ విప్పి, సైకిల్ హ్యాండిల్ మహాంతేశ్ చేతిలో పెట్టి, రాయచూరు బస్సు కోసం రోడ్డు వైపు నడిచింది.