నేనంటే ఎవరు?

పప్పులో చిటికెడు ఉప్పు తగ్గినా నాలుకతో పట్టేసే ఇల్లు, ఆ పప్పు వండిన మనిషి గొంతును పదకొండేళ్ళయినా తలుపు అవతలి నుంచి ఎందుకు పోల్చుకోలేకపోయింది?

సులోచన ఆదోని టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. తొమ్మిదిమందికి వండి పెట్టి పొద్దున ఆరింటికల్లా స్విచ్‌బోర్డు ముందు కూర్చునేది. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి, ఎండలో నడిచివచ్చి, గుమ్మం ముందు చెప్పులు విడిచి తలుపు తట్టేది.

"ఎవరూ?" అనేది అత్త.

"నేనత్తా."

"నేనంటే? నాకు ముగ్గురు కోడండ్లు. ఎవరి పెండ్లానివో సెప్పు."

"మీ నడిపి కొడుకు పెండ్లాన్ని."

అప్పుడు గడియ తీసేది. ఉద్యోగం చేసే కోడలి చేత రోజుకొకసారి ఆ మాట అనిపించకపోతే పొగరెక్కుతుందని ఆమె నమ్మకం. దాన్ని ఆమె దాచుకోనూ లేదు.

డెబ్బై తొమ్మిది ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం సులోచన జవాబు మార్చి తన పేరు చెప్పింది. లోపల భోంచేస్తున్న భర్త దామోదరం, పత్తి వ్యాపారి, గట్టిగా అన్నాడు: "ఆ పేరుతో ఈడ ఎవరూ లేరే. ఇంకో ఇల్లు సూసుకో."

తోడికోడళ్ళు నవ్వారు. అతడు మజ్జిగన్నం ముగించి చేయి కడుక్కునేదాకా గడియ కదలలేదు. రాత్రి వంట చేసేటప్పటికి ఆమె అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

జూన్‌లో ఎక్స్ఛేంజీకి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఒకరి ఫోను నుంచి మరొకరు వేరే ఊళ్ళకు ట్రంకు కాల్స్ మాట్లాడడంతో తగవులు పెరిగాయట. ఇకమీదట బోర్డు మీద ప్రతి లైను రంధ్రం పైనా ఒక చీటీ అంటించాలి. ఆ లైను నుంచి ట్రంకు కోరే హక్కున్న వాళ్ళ పేర్లు అందులో ఉండాలి. పేరు లేనివారికి కలపరాదు. "నీ అక్షరం గుండ్రంగా ఉంటుందమ్మా" అని సూపర్వైజరు శ్రీపాదరావు ఆ పనంతా సులోచనకు అప్పగించాడు. సెలవురోజుల్లో కూర్చుని ఆమె ప్రతి చీటీ రాసింది. భర్త కొట్టు లైనుకు అతని పేరు కూడా, ఒక్క తప్పు లేకుండా.

ఆగస్టులో ఒకనాడు, ఒంటిగంట దాటాక, బోర్డు మీద నలభై ఏడో లైను దీపం వెలిగింది. అది ఓబన్న జిన్నింగు మిల్లు. చీటీలో ఓబన్న పేరొక్కటే ఉంది.

"ఏమే, నేను. మా ఫోను సచ్చింది, ఓబన్న మిల్లు నుంచి మాట్లాడతాండా. ఎమ్మిగనూరు బిరిన కలుపు. రెండులోగా మాట సెప్పకుంటే ఆడుండే నరసప్ప పత్తి ఇంకొకరికి తోలేస్తాడు."

"నేనంటే ఎవరండీ?"



"దామోదరం."

"ఆ పేరుతో ఈడ ఎవరూ లేరు. ఓబన్నగారిని పిలవండి."

"ఆయప్ప పత్తికొండకు పోయినాడు. పరాచికాలాడద్దు. నా గొంతు నీకు తెలీదా?"

"మీ ఇంట్లో గొంతు పోల్చుకుంటారా?"

మిల్లులో ఎవరో నవ్వుతున్నారు. అతడు గొంతు తగ్గించాడు.

"సులోచన మొగుణ్ణి."

పదకొండేళ్ళలో ఆ నోట ఆ పేరు వినడం అదే మొదలు. ఆమె చీటీ వైపు మరొకసారి చూసింది, ఏ పొరపాటూ జరగకూడదని.

"ఆ పేరూ లేదండీ," అని తీగ లాగేసింది. రెండు కొట్టేదాకా ఆ దీపం మళ్ళీ మళ్ళీ వెలుగుతూనే ఉంది.

ఇంటికి వచ్చి తలుపు తట్టింది.

"ఎవరూ?"

"సులోచన."

ఈసారి లోపల ఎవరూ నవ్వలేదు. గడియ వెంటనే కదలనూ లేదు. ఆమె చెప్పులు విడవకుండా నిలబడింది.

ఇది చదివే మీకు ఇవాళ మీ ఇంటి కోడలో భార్యో తలుపు తట్టిన చప్పుడు వినిపిస్తుంది. ఎవరని అడగకండి. ఆమె పేరు మీరే చెప్పి, గడియ తీయండి.